పిస్టల్ కోసం ఇంకొన్నాళ్లు డబ్బు దాచాలా, చవకది ఇప్పుడే కొనాలా: ఎలా తేల్చుకోవాలి?

చేతిలో ఉన్న డబ్బుకు ఒక పిస్టల్ వస్తుంది. ఇంకో ఆరేడు నెలలు ఆగితే అంతకన్నా మంచిది వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. దీన్ని తేల్చే సూత్రం ఒకటుంది: చవకదానిలో ఉన్న లోపం కొన్నాక సరిచేసుకోగలిగేదైతే కొనేయండి, సరిచేసుకోలేనిదైతే ఆగండి. గురి చూసే సైట్లు మార్చుకోవచ్చు, స్ప్రింగులు మార్చుకోవచ్చు, గ్రిప్పుకు రబ్బరు తొడుగు వేసుకోవచ్చు. కానీ చేతికి అందని ట్రిగ్గర్, కింద పడితే పేలే గుణం, విడి మ్యాగజైన్లు దొరకని మోడల్, ఇవి కొన్నాక మీరు ఎంత డబ్బు పోసినా మీ చేతుల్లో బాగుపడవు. కింద చెప్పే పనులన్నీ మీ ముందున్న పిస్టల్లో ఏ రకం లోపం ఉందో తెలుసుకోవడానికే.

ముందు లైసెన్సు సంగతి

మీరున్న చోట హ్యాండ్‌గన్‌కు అనుమతి ఎలా ఇస్తారు, ఒకరి పేరు మీద ఎన్ని ఉండవచ్చు, ఏ క్యాలిబర్లు (తూటా సైజులు) నిషిద్ధం, మ్యాగజైన్లో ఎన్ని తూటాల వరకు ఒప్పుకుంటారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మీ నిర్ణయాన్ని ఇవి నేరుగా మార్చేస్తాయి. తుపాకీ మార్చిన ప్రతిసారీ కొత్త అనుమతి, కొత్త రుసుము, నెలల ఎదురుచూపు తప్పని చోట “ఇప్పటికి చవకది, రెండేళ్లకు మంచిది” అనుకుంటే ఖర్చు రెండుసార్లు పెట్టినట్టే. అక్కడ ఆగడమే మేలు. అనుమతి ఉన్నవాళ్లు సులువుగా కొనుక్కుని, అమ్ముకోగలిగే చోట చవకదానితో మొదలుపెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు.

దేనికి కొంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

గురి నేర్చుకోవడానికే అయితే 9 ఎంఎం కోసం డబ్బు దాచడం మానేసి .22 ఎల్‌ఆర్ పిస్టల్ చూడండి. తూటా ధర చాలా తక్కువ, కుదుపు దాదాపు ఉండదు, చప్పుడుకు కళ్లు మూసుకునే అలవాటు పడదు. ఆత్మరక్షణకు మాత్రం ఇది మొదటి ఎంపిక కాదు. నిప్పు రాజేసే మందు అడుగు అంచులో ఉండే తూటా కాబట్టి ఫైరింగ్ పిన్ను కొట్టినా పేలకుండా మిగిలేవి, ఆ మందు మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ తూటాల్లో కన్నా ఎక్కువ. ఇంకో జాగ్రత్త: చాలా .22 పిస్టళ్లలో ఖాళీ చాంబర్ (తూటా కూర్చునే గది) మీద పదేపదే ట్రిగ్గర్ నొక్కితే పిన్ను చాంబర్ అంచును కొడుతుంది. డమ్మీ తూటా వేసి సాధన చేయండి.

ఇంటి రక్షణకైతే చేతి నిండా పట్టు దొరికే పూర్తి సైజు లేదా మధ్య సైజు 9 ఎంఎం తీసుకోండి. ఈ తూటా 1900ల తొలి ఏళ్ల నుంచి వాడుకలో ఉంది, దాదాపు ప్రతి తయారీదారూ దీనికి పిస్టల్ చేస్తాడు. అందుకే చవక పిస్టళ్లలో ఎంచుకోవడానికి ఎక్కువ మోడళ్లు ఉండేది కూడా ఈ క్యాలిబర్‌లోనే.

జేబులో పట్టే బుల్లి పిస్టల్‌ను మొదటిదిగా కొనకండి. చిన్నది కదా, సులువుగా ఉంటుందనుకోవడం పొరపాటు. రూగర్ ఎల్‌సీపీ లాంటిది ఖాళీగా 270 గ్రాముల దగ్గర ఉంటుంది, మధ్య సైజు గ్లాక్ 19 మ్యాగజైన్ లేకుండానే 600 గ్రాముల దాకా ఉంటుంది. బరువు తగ్గేకొద్దీ కుదుపు అరచేతిని కొడుతుంది, పట్టు చాలదు, సైట్ల మధ్య దూరం తగ్గి చిన్న తప్పు కూడా టార్గెట్ మీద పెద్దదై కనిపిస్తుంది. యాభై రౌండ్లు కాల్చాక చేయి నొప్పెట్టే తుపాకీని బయటికి తీయబుద్ధి కాదు.

బడ్జెట్‌ను వెనక నుంచి లెక్కించండి

ఎక్కువమంది ఉన్న డబ్బంతా పిస్టల్‌కే పెట్టి, మిగతావి తర్వాత చూద్దామనుకుంటారు. లెక్క తిరగేయండి. మొదటి ఏడాదికి మీ దగ్గరున్న మొత్తం డబ్బు రాసి, అందులోంచి వీటిని ముందే తీసేయండి:

సాధనకు 1,000 తూటాలు. అంటే 50 రౌండ్ల పెట్టెలు 20. నెలకోసారి రేంజికి వెళ్లి 80 రౌండ్ల చొప్పున కాల్చినా ఏడాదిలో అయిపోతాయి. ఒక పెట్టె ధరను ఇరవైతో గుణించి చూస్తే చాలామంది ఉలిక్కిపడతారు. ఆ అంకె చూశాకే రెండు పిస్టళ్ల ధరల మధ్య తేడా అసలు ఎంతో అర్థమవుతుంది.

మొత్తం మూడు మ్యాగజైన్లు. పెట్టెలో ఎన్ని వస్తాయో చూసి మిగిలినవి కొనాలి. చవక మోడళ్లతో ఒక్కటే వచ్చే సందర్భాలున్నాయి.

తాళం వేసే ఉక్కు పెట్టె. ఇంట్లో పిల్లలున్నా లేకున్నా ఇది తప్పనిసరి. డబ్బు చాలకపోతే పిస్టల్ కొనడం వాయిదా వేయండి, పెట్టె కొనడం మాత్రం కాదు.

చెవులకు, కళ్లకు రక్షణ. పిస్టల్ పేలుడు శబ్దం 140 డెసిబెళ్లు దాటుతుంది, ఒక్క పేలుడే వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. తర్వాత ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర), శుభ్రం చేసే సామాను, శిక్షకుడి దగ్గర కనీసం ఒక రోజు శిక్షణ, రేంజి రుసుము, లైసెన్సు ఖర్చు.

ఇవన్నీ పోగా మిగిలిందే పిస్టల్‌కు మీరు పెట్టగలిగిన ధర. అది మొదటి మొత్తంలో సగం దాటకూడదని మా అభిప్రాయం. ఖరీదైన పిస్టల్ కొని ఏడాదిలో 150 రౌండ్లు కాల్చినవాళ్లకంటే సాధారణ పిస్టల్‌తో వెయ్యి కాల్చినవాళ్ల గురి బాగుంటుంది.

ఇంతకంటే దిగకూడదనే గీత

చవక వేరు, నాసి వేరు. ఈ గీత కిందికి వెళ్లే పిస్టల్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. డబ్బు చాలకపోతే ఆగండి.

మొదటిది, పడినా పేలకుండా ఆపే ఏర్పాటు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ను ముందుకు కదలకుండా అడ్డుకునే భాగం లోపల ఉండాలి. రివాల్వర్లో అయితే ట్రాన్స్‌ఫర్ బార్ లేదా హ్యామర్ బ్లాక్ ఉండాలి. 1973కు ముందు చేసిన రూగర్ సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో ఇది లేదు. వాటిలో అయిదు గదుల్లోనే తూటాలు వేసి, హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచాలి. పాత రివాల్వర్ తక్కువకు వస్తోందంటే ముందు ఈ ప్రశ్న అడగండి.

రెండోది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) ఏ లోహంతో చేశారు, లోపలి పద్ధతి ఏమిటి. 9 ఎంఎం పిస్టళ్లలో ఎక్కువవాటిలో తూటా పేలిన క్షణంలో బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి. ఒత్తిడి తగ్గాక బ్యారెల్ వెనకభాగం కిందికి వాలి స్లైడ్‌ను వదులుతుంది. బాగా చవకవాటిలో కొన్నింటికి ఈ లాక్ ఉండదు, స్లైడ్ బరువు, స్ప్రింగు బలం మీదే ఆధారపడతాయి. అందుకే ఆ స్లైడ్ లావుగా, పైభాగం బరువుగా ఉంటుంది, జింకు మిశ్రమంతో పోత పోసి ఉండవచ్చు. హై పాయింట్ సీ9 ఈ తరహాదే. బరువు 800 గ్రాముల పైమాటే, మ్యాగజైన్లో 8 తూటాలు. పేలుతుంది, కానీ పట్టుకోవడానికి, వెంట ఉంచుకోవడానికి, మ్యాగజైన్లు వెతుక్కోవడానికి ఇబ్బంది. ఇంకొంచెం దాచి ఉక్కు స్లైడున్న లాక్ పద్ధతి పిస్టల్‌కు వెళ్లడమే సరైన దారి.

మూడోది, మ్యాగజైన్లు, స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా తొడుగును బయటికి లాగే కొక్కెం) ఇవాళ అడిగితే ఇవాళ దొరకాలి. దొరకని మోడల్ ఎంత బాగున్నా వదిలేయండి.

నాలుగోది, మోడల్ వచ్చి కనీసం రెండేళ్లయి ఉండాలి. ధర ఎక్కువైతే లోపాలుండవని అనుకోవద్దు. సిగ్ సావర్ పీ320ని అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందన్న ఆందోళనతో, పౌరులకు అమ్మిన పిస్టళ్లకు కంపెనీ స్వచ్ఛందంగా భాగాలు మార్చే కార్యక్రమం ప్రకటించింది. కొనేముందు ఆ మోడల్ పేరు మీద వెనక్కి పిలిచిన ప్రకటనలున్నాయా, మీ సీరియల్ నంబరు అందులో పడుతుందా అన్నది తయారీదారుని అడిగి తెలుసుకోండి.

ఈ గీతకు పైన, ధర తక్కువగా ఉన్నవి చాలానే ఉన్నాయి. తుర్కియేలో తయారయ్యే కానిక్ టీపీ9 వరుస, వాల్తర్ పీ99 నమూనా నుంచి వచ్చింది, ట్రిగ్గర్ బాగుంటుంది. స్మిత్ అండ్ వెస్సన్ ఎస్‌డీ9 వీఈ ట్రిగ్గర్ బరువు మూడున్నర కిలోల దగ్గర, గ్లాక్‌లో అది రెండున్నర కిలోలు. వేలికి ఆ తేడా తెలుస్తుంది, కానీ అది సాధనతోనో స్ప్రింగుతోనో తీరే లోపం. బ్రెజిల్ కంపెనీ టారస్ జీ3 వరుస కూడా ఈ ధరల్లోదే.

చేతిలోకి తీసుకుని చూడండి

అమ్మేవాళ్ల అనుమతి అడగండి. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ వెనక్కి లాగి లాక్ చేయండి, చాంబర్‌లోకి కంటితో చూసి చిటికెన వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. ఎవరు “ఖాళీయే” అని ఇచ్చినా ఇది మళ్లీ చేయాల్సిందే. మూతి ఎప్పుడూ మనుషులు లేని వైపే ఉండాలి.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం గ్రిప్పు పైఅంచును గట్టిగా తాకాలి. పిస్టల్ మీ ముంజేతి ఎముకతో ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. వేలి చివరి కణుపు మెత్తని మధ్యభాగం ట్రిగ్గర్‌ను తాకితే సరిపోయినట్టు. గోరు దగ్గరి కొన మాత్రమే అందుతోందంటే గ్రిప్పు మీకు పెద్దది, నొక్కినప్పుడల్లా మూతి పక్కకు జరుగుతుంది. ఇది మార్చుకోలేని లోపం. గ్రిప్పు వెనక పలకలు మార్చుకునే మోడల్ అయితే చిన్న పలక వేయించి మళ్లీ చూడండి.

తర్వాత కళ్లు మూసుకుని, ఖాళీ పిస్టల్‌ను సురక్షితమైన గోడ వైపు రెండు చేతులతో ఎత్తి కళ్లు తెరవండి. ముందు సైటు వెనక సైటు గాడిలో దాదాపు మధ్యలో కనిపిస్తే ఆ పిస్టల్ మీ చేతికి కుదిరినట్టు. స్లైడ్‌ను వరుసగా పదిసార్లు లాగి చూడండి. అయిదోసారికే వేళ్లు జారుతుంటే, చెమటపట్టిన చేతులతో అసలే కాదు.

రేంజిలో అద్దెకు దొరికితే ఈ ఒక్క పరీక్ష మిగతా వాదనలన్నిటినీ తేల్చేస్తుంది. ఒకేరోజు రెండు పిస్టళ్లతో 50 రౌండ్ల చొప్పున, 7 మీటర్ల దూరంలో కాల్చండి. ఒక్కోదానితో చివరి పది రౌండ్లు కొత్త కాగితం మీద వేయండి. రెండు గుంపుల వెడల్పులో తేడా రెండు వేళ్ల మందం లోపే ఉంటే, ఖరీదైనదానివల్ల ఇప్పటికి మీకు ఒరిగేదేమీ లేదు.

ఎక్కువ డబ్బు ఎక్కడికి పోతుందో చూడండి

పాలిష్, రంగు, చెక్కుడు గీతలు, పేరు. వీటి గురించి మాట్లాడాల్సింది తక్కువ. భాగాలు మెటల్ ఇంజెక్షన్ మౌల్డింగ్‌తో (లోహపు పొడిని అచ్చులో నింపి గట్టిపరిచే పద్ధతి) చేశారని చవకవాటిని తీసిపారేసేవాళ్లుంటారు, ఖరీదైన కంపెనీలు కూడా అదే పద్ధతి వాడతాయి.

నిజంగా డబ్బు విలువ చేసేవి మూడు. రెడ్ డాట్ (గురి చుక్కను ఎర్రగా చూపే సైటు) అమర్చడానికి స్లైడ్ మీద ముందే చేసిన కోత: తర్వాత మెషిన్ మీద కోయించడం ఖర్చు, కోతకు పోయిన పూతను మళ్లీ వేయించడం ఇంకో ఖర్చు. రెడ్ డాట్ పెట్టాలని ముందే తెలిస్తే దాని కోసం దాచడం సబబు. రెండోది, తుప్పు పట్టని నైట్రైడ్ లాంటి ఉపరితల చికిత్స, ఉక్క ఎక్కువుండే ప్రాంతాల్లో. మూడోది, తేలికగా కదిలి, చప్పున తిరిగి కుదురుకునే ట్రిగ్గర్. ఇది పోటీల్లో కాల్చేవాళ్లకు విలువైనది, కొత్తవాళ్లకు అంతగా కాదు.

మూడో దారి: వాడిన మంచి పిస్టల్

చవక కొత్తదాని ధరకే మంచి కంపెనీది వాడినది దొరకవచ్చు. పోలీసు శాఖలు మార్చేసిన పిస్టళ్లు ఎక్కువగా హోల్‌స్టర్‌లో తిరిగినవే, కాల్చింది తక్కువ. పైన పూత అరిగి అంచుల్లో లోహం మెరుస్తుంటుంది, లోపల కొత్తదానిలా ఉంటుంది. రాత్రి మెరిసే సైట్లు మాత్రం మసకబారి ఉంటాయి. వాటిని వెలిగించే ట్రిటియం వాయువు అర్ధజీవిత కాలం 12.3 ఏళ్లు, కాబట్టి అంత వయసున్న సైటు సగం వెలుగే ఇస్తుంది. ఆ లెక్కన ధర తగ్గించమనండి.

బ్యారెల్ విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. లోపలి మెలికల గాడుల అంచులు తేలి స్పష్టంగా కనపడాలి. లోపల ఎక్కడైనా ఉంగరంలా నీడ గుండ్రంగా కనిపిస్తే, ఎప్పుడో ఇరుక్కున్న గుండు వెనక ఇంకోటి కాల్చడంవల్ల ఉబ్బిన గుర్తు. వెంటనే వదిలేయండి. మూతి అంచు మీద నొక్కులుండకూడదు. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం చివర పదునుగా ఉండాలి, విరిగి ఉండకూడదు. ఫ్రేమ్‌లో స్లైడ్ నడిచే పట్టాల దగ్గర, పిన్నుల రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లున్నాయా చూడండి. మ్యాగజైన్ పెదవులు వంగి ఉంటే కొత్త మ్యాగజైన్ ఖర్చు కలుపుకోండి.

రివాల్వర్ అయితే హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోపే సిలిండర్ టక్కుమని లాక్ కావాలి. ఆరు గదులకూ విడివిడిగా చేసి చూడండి. ఒక్క గది ఆలస్యమైనా తూటా బ్యారెల్‌కు సూటిగా ఉండదు, సీసం పక్కకు చిమ్ముతుంది. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్లలోపు ఉండాలి, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి కొలవండి.

ఇప్పుడు తేల్చండి

రెండు పిస్టళ్ల ధరల తేడాను నెలకు మీరు దాచగలిగే మొత్తంతో భాగించండి. మూడు నెలలు, లేదా అంతకు తక్కువ వస్తే ఆగండి. ఆరు నెలలు దాటితే, చవకది గీతకు పైనే ఉంటే, అది చేతికి కుదిరితే, చవకదే కొని మిగిలింది తూటాలకూ శిక్షణకూ పెట్టండి. మధ్యలో వస్తే, ఖరీదైనదానిలో ఉన్న మేలు తర్వాత అమర్చుకోలేనిదా అని ఒక్కటే అడగండి. అవునంటే ఆగండి. దీని కోసం అప్పు మాత్రం చేయకండి, ఆ వాయిదాలు మీ తూటాల డబ్బునే తింటాయి.

ఆగాలనుకున్న నెలల్లో డబ్బు దాచడం ఒక్కటే కాదు, శిక్షణ ఇప్పుడే తీసుకోండి, అద్దె పిస్టల్‌తో కాల్చండి, చెవి రక్షణ, ఉక్కు పెట్టె ముందుగా కొనేయండి. ఇవి ఏ పిస్టల్‌కైనా పనికొస్తాయి. శిక్షణ అయ్యాక కోరుకున్న మోడల్ మారిపోవడం మామూలే.

కొన్నాక, నమ్మేముందు

పెట్టెలోంచి తీసినప్పుడు పూసి ఉండేది తుప్పు పట్టకుండా వేసిన జిడ్డు. దాన్ని తుడిచేసి, స్లైడ్ పట్టాలకు ఒక్కో చుక్క, బ్యారెల్ బయట వైపు ఒక చుక్క నూనె రాయండి. ఫైరింగ్ పిన్ను గొట్టంలో, చాంబర్లో నూనె పోయకండి. అక్కడి నూనె ధూళిని పట్టి, పిన్ను దెబ్బను బలహీనం చేస్తుంది.

మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని రంగుతో రాయండి. మొదటి 100 రౌండ్లు కుదురుకోవడానికి వదిలేయండి. తర్వాత 200 సాధన తూటాలు, రక్షణకు వాడబోయే రకం 50 తూటాలు వరుసగా ఒక్క అవాంతరం లేకుండా పోవాలి. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఏ బ్రాండు తూటా, ఎలా ఆగింది అన్నది పుస్తకంలో రాయండి.

కాల్చిన తూటా ఖాళీ తొడుగు బయటికి వెళ్లకుండా స్లైడ్ సందులో నిటారుగా నిలబడితే ముందు మీ పట్టు చూసుకోండి. మణికట్టు సడలితే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు. పట్టు బిగించినా, వేరే తూటా మార్చినా అదే జరిగితే తప్పు ఎక్స్‌ట్రాక్టర్‌ది కావచ్చు. తూటా ముక్కు కిందికి వాలి ఇరుక్కుంటే మ్యాగజైన్‌ది: అదే నంబరు మళ్లీ మళ్లీ వస్తుంది. స్లైడ్ ముందుకు పూర్తిగా మూసుకోకపోతే మురికి, నూనె లేకపోవడం, లేదా రికాయిల్ స్ప్రింగు (స్లైడ్‌ను ముందుకు నెట్టేది) నీరసం. చివరి రౌండు తర్వాత స్లైడ్ తెరిచి నిలవకపోతే, మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను తెరిచి ఆపే మీట) మీద ఆనుతోందేమో చూడండి.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలున్నాయి. “టప్” మని నీరసంగా పేలి కుదుపు రాకపోతే అక్కడే ఆపండి. గుండు బ్యారెల్లో ఇరుక్కుని ఉండవచ్చు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ తెరిచి, చాంబర్ ఖాళీ చేసి బ్యారెల్ చూడకుండా ఇంకో రౌండు వేస్తే బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. ఒకసారి నొక్కితే రెండు పేలితే ఇక కాల్చకండి, తుపాకులు బాగుచేసేవాళ్లకు చూపించండి.

రెండు వేర్వేరు మ్యాగజైన్లతో, రెండు బ్రాండ్ల తూటాలతో అదే అవాంతరం రెండుసార్లు వస్తే వారంటీ కింద వెనక్కి పంపండి. బాగై వచ్చాక 250 లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

అదే పుస్తకంలో కాల్చిన రౌండ్ల మొత్తం రాస్తూ ఉండండి. పూర్తి సైజు 9 ఎంఎంలో రికాయిల్ స్ప్రింగును 3,000 నుంచి 5,000 రౌండ్ల మధ్య మార్చాలి, బుల్లి పిస్టళ్లలో ఇంకా ముందే, మీ మోడల్ పుస్తకంలో ఇచ్చిన అంకె ప్రకారం. కొత్త స్ప్రింగు ఒకటి ఇప్పుడే కొని, పాత పిస్టల్ అయితే మొదటిరోజే మార్చి, మార్చిన తేదీ రౌండ్ల సంఖ్య పక్కన వేయండి.